ఒకే వీడియో, రెండు చదువులు

2001 మార్చి 29 రాత్రి. అమెరికాలోని జార్జియా రాష్ట్రం, కొవీటా కౌంటీ. గంటకు 55 మైళ్లు దాటకూడని రోడ్డు మీద పందొమ్మిదేళ్ల కుర్రాడొకడు 73 మైళ్ల వేగంతో పోతున్నాడు. షెరీఫ్ డిప్యూటీ వెనక నుంచి లైట్లు వేసి ఆపమన్నాడు. ఆగి ఉంటే జరిమానాతో పోయే వ్యవహారం. కుర్రాడు ఆగలేదు, వేగం పెంచాడు. దాదాపు పది మైళ్ల వెంటాట తర్వాత, ఆరో నిమిషంలో, మరో డిప్యూటీ తన కారుతో అతని కారును వెనక నుంచి గుద్దాడు. అది రోడ్డు దిగి, గట్టు మీంచి జారి పల్టీ కొట్టింది. కుర్రాడి కాళ్లూ చేతులూ శాశ్వతంగా చచ్చుబడిపోయాయి.

అవసరానికి మించి బలం ప్రయోగించారంటూ అతను కోర్టుకెక్కాడు. ఇది జ్యూరీ తేల్చాల్సిన విషయమని కింది కోర్టులు రెండూ అన్నాయి. కారును గుద్దిన డిప్యూటీ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2007 ఏప్రిల్ 30న ‘స్కాట్ వర్సెస్ హారిస్’ కేసులో ఎనిమిది మంది న్యాయమూర్తులు డిప్యూటీ పక్షాన నిలిచారు, ఒక్కరు కాదన్నారు. మెజారిటీ తీర్పు ఆంటొనిన్ స్కాలియా రాశారు. అసమ్మతి తీర్పు జాన్ పాల్ స్టీవెన్స్‌ది. ఇద్దరూ ప్రధానంగా ఆధారపడింది ఒకే సాక్ష్యం మీద. అది పోలీసు కార్లలోని కెమెరాలు తీసిన వీడియో. లా విద్యార్థులు ఈ రెండు తీర్పులనూ చట్టం కోసం చదువుతారు. ఒకే దృశ్యాన్ని చదివిన ఇద్దరు పాఠకుల రాతలుగా వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే మరో సంగతి బయటపడుతుంది.

స్కాలియా రాత వేగంగా సాగుతుంది. ఇరుకైన రెండు వరుసల రోడ్డు, అర్ధరాత్రి, విపరీతమైన వేగం, డజనుకు పైగా కార్లను తప్పించుకుంటూ దూసుకుపోవడం, మధ్యలోని జంట పసుపు గీతను దాటడం, ఎర్ర లైట్లను లెక్కచేయకపోవడం, రెండు వైపులా వస్తున్న వాహనాలు భయంతో పక్కకు తప్పుకోవడం. ఇవన్నీ ఆయన ఒకే ఊపులో పేర్చుకుంటూ పోతారు. ఒక వివరానికీ మరో వివరానికీ మధ్య పాఠకుడికి ఊపిరి తీసుకునే చోటుండదు. హాలీవుడ్ సినిమా ఛేజ్‌తో పోల్చి ఆ ఉద్వేగాన్ని ఇంకాస్త బిగిస్తారు. ఆపైన, వీడియో తన మాట తానే చెబుతుందంటూ దాన్ని కోర్టు వెబ్‌సైట్‌లో పెట్టిస్తారు. ఆయనతో ఏకీభవించిన న్యాయమూర్తి బ్రేయర్ కూడా ఆసక్తి ఉన్నవాళ్లు దాన్ని చూడాలని విడిగా రాశారు. వాక్యనిర్మాణంలో స్కాలియా ఎంత సమర్థుడో ఈ కొద్ది పేరాలు చాలు చెప్పడానికి.

స్టీవెన్స్ రాతకు ఆ ఊపు లేదు. ఆయన వీడియోను ఆపి ఆపి చూస్తారు. ఎదురు వరుసలోకి కుర్రాడు ఎన్నిసార్లు వెళ్లాడు? ముందున్న కారును దాటడానికే, అదీ ఐదుసార్లకు మించకుండా. అప్పుడు ఎదురుగా ఏదైనా వాహనం ఉందా? లేదు. కారు దూరిన షాపింగ్ సెంటర్ పార్కింగ్ స్థలంలో జనం ఉన్నారా? దుకాణాలు మూసేశారు, స్థలం ఖాళీ. ఇలా ఒక్కొక్క ప్రశ్నా వేసుకుంటూ ఒక చోట ఆగుతారు. కుర్రాడి ముందు ఒక కారు నెమ్మదిగా పోతోంది. ఎదురు వరుసలో వాహనాలు వస్తున్నాయి. అతను వేగం తగ్గించాడు. ఆ వాహనాలన్నీ వెళ్లిపోయేదాకా ఆగి, ఇండికేటర్ వేసి, అప్పుడు ముందున్న కారును దాటాడు. పోలీసుల నుంచి పారిపోతున్న మనిషి ఇండికేటర్ వేశాడు. స్కాలియా పేర్చిన వరుసలో ఈ క్షణానికి చోటు లేదు. ఉండి ఉంటే ఆ వరుస మధ్యలోనే తెగిపోయేది.

రోడ్డు పక్కకు జరిగి నిలబడిన కార్ల దగ్గర ఈ రెండు చదువుల తేడా మరీ స్పష్టం. స్కాలియా కంటికి అవి కుర్రాడి దూకుడుకు బెదిరి ప్రాణాలు కాపాడుకున్న వాహనాలు. స్టీవెన్స్ కంటికి అవి వెనక మోగుతున్న సైరన్లు విని దారి ఇచ్చిన వాహనాలు, అంబులెన్స్‌కో ఫైరింజన్‌కో ఎవరైనా ఇచ్చినట్టే. వీడియోలో కనిపించేది పక్కకు తప్పుకున్న కార్లు మాత్రమే. ఎందుకు తప్పుకున్నాయో ఏ ఫ్రేమూ చెప్పదు. అక్కడ కారణం చూసేవాళ్లు చేర్చేదే. ఇద్దరూ చేర్చారు. స్టీవెన్స్ తన కారణాన్ని మరో వివరణగా పెట్టారు, స్కాలియా తన కారణాన్ని దృశ్యంలోనే ఉన్నదిగా రాశారు. నా దృష్టిలో రెండు తీర్పులకూ అసలైన తేడా ఇదే.

ఆ కెమెరాలు ఎక్కడున్నాయో కూడా చూడాలి. అవి వెంటాడుతున్న కార్ల అద్దాల వెనక ఉన్నాయి. తెర మీద మనకు తెలిసే వేగం పోలీసు కారు వేగం, వినిపించే సైరన్ ఆ కారుదే. పారిపోతున్నవాడు మనకు రెండు ఎర్ర లైట్లుగా తప్ప కనిపించడు. చీకట్లో ఎదురుగా వచ్చిన వాహనాల హెడ్‌లైట్లు మెరుపుల్లా, పేలుళ్లలా కనిపించి సహ న్యాయమూర్తులు అనవసరంగా భయపడ్డారని స్టీవెన్స్ ఒక అధోజ్ఞాపికలో అంటారు. పెద్ద హైవేలు రాకముందు, ఎదురుగా బండి వస్తుంటే ముందున్న బండిని దాటాలా వద్దా అని క్షణంలో తేల్చుకోవాల్సిన రెండు వరుసల రోడ్ల కాలంలో వాళ్లు డ్రైవింగ్ నేర్చుకుని ఉంటే, ఇంత కంగారు పడేవాళ్లు కాదంటారు. అప్పటికి ఆయన వయసు 87. పెద్దాయన పాత రోజుల్ని తలచుకుంటున్నారని ఆ మాటను పక్కన పెట్టేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ రెండు తీర్పుల్లోనూ అత్యంత నిజాయితీ గల చోటు అదే. తన చూపును ఏ అనుభవం తీర్చిదిద్దిందో పాఠకుడికి విప్పి చెప్పిన చోటు అది. స్కాలియా తీర్పులో అలాంటి వాక్యం ఒక్కటీ లేదు.

అయినా స్కాలియా వాదనలోని బలాన్ని తక్కువ చేయకూడదు. ప్రమాదాన్ని తెచ్చిపెట్టింది ఎవరన్న ప్రశ్నను ఆయన వదలరు. ఆ రాత్రి రోడ్డు మీదున్న మిగతావాళ్లు ఏ తప్పూ చేయలేదు. పారిపోవాలని నిర్ణయించుకున్నది ఆ కుర్రాడు. వెంటాట ఆపేస్తే అతను వేగం తగ్గిస్తాడన్న భరోసా పోలీసులకు లేదు. పైగా ఎంత ప్రమాదకరంగా నడిపితే అంత తేలిగ్గా తప్పించుకోవచ్చన్న నియమం పెడితే ముందుముందు జనమే బలవుతారు. ఇది కాదనలేని వాదన. 85 మైళ్లు దాటిన వేగాన్ని, దాటేసిన ఎర్ర లైట్లను స్టీవెన్స్ కొంత తేలికగా తీసుకున్నారు కూడా.

కానీ వీడియో చూపించని సంగతులూ ఉన్నాయి. మొదటి డిప్యూటీ రేడియోలో కారు నంబరు చెప్పాడు, కానీ కేసు కేవలం అతివేగం అని చెప్పలేదు. నంబరు చేతిలో ఉన్నప్పుడు మర్నాడు ఇంటికెళ్లి పట్టుకోవచ్చుగా అన్న ప్రశ్న వేసింది స్టీవెన్స్. ప్రాణం పోయేంత బలం వాడాలంటే ఈ లెక్కలన్నీ చూడాలి. చూడాల్సింది జ్యూరీ. ఆ దశలో కోర్టు తేల్చాల్సింది ఎవరు తప్పు చేశారన్నది కాదు, తెలివైన మనుషులు ఈ విషయంలో విభేదించగలరా అన్నది ఒక్కటే. ఏ బుద్ధిమంతుడైన జ్యూరరూ మరోలా చూడలేడని స్కాలియా అన్నారు. కానీ తొమ్మిదో న్యాయమూర్తి మరోలానే చూశారు. కింది కోర్టుల న్యాయమూర్తులూ స్కాలియా చూసినట్టు చూడలేదు.

2009లో హార్వర్డ్ లా రివ్యూలో డాన్ కహాన్, డేవిడ్ హాఫ్‌మన్, డొనాల్డ్ బ్రామన్ అచ్చువేసిన అధ్యయనం ఈ విషయాన్నే పరీక్షించింది. 1,350 మంది అమెరికన్లకు ఆ వీడియో చూపించారు. ఎక్కువమంది కోర్టుతోనే ఏకీభవించారు. కానీ నల్లజాతివాళ్లు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు, సమానత్వాన్ని ఎక్కువగా కోరుకునేవాళ్లు పోలీసుల చర్యను తప్పుపట్టే అవకాశం ఎక్కువగా కనిపించింది. వీళ్లందరినీ బుద్ధి లేనివాళ్లుగా తీసేయడానికి కోర్టుకు ఏ హక్కుంది?

స్కాలియా చదువు ఒక్క కేసుతో ఆగలేదు. అర్కాన్సా రాష్ట్రంలో ఒక కారును ఒక హెడ్‌లైట్ పనిచేయడం లేదని ఆపితే, డ్రైవర్ దాంతో పారిపోయాడు. వెంటాట చివర పోలీసులు 15 తూటాలు కాల్చారు. డ్రైవరూ పక్క సీట్లో ఉన్న మహిళా చనిపోయారు. 2014లో ‘ప్లమ్‌హాఫ్ వర్సెస్ రికార్డ్’ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా పోలీసుల పక్షాన నిలిచింది, 2007 నాటి తీర్పును ఆధారంగా చూపింది. అప్పటికి స్టీవెన్స్ పదవీ విరమణ చేసి నాలుగేళ్లు.

గద్యంగా స్కాలియాది గెలిచిన రాత, చదువుగా స్టీవెన్స్‌ది నిలిచిన రాత. ఈ తేడా న్యాయమూర్తులకే పరిమితం కాదు. మన ఫోన్లకు రోజూ పోలీసు వీడియోలు వస్తున్నాయి, ఎవరు దోషో మనం అర నిమిషంలో తేల్చేస్తున్నాం. కెమెరా ఎవరి చేతిలో ఉంది, రికార్డు ఎక్కడ మొదలైంది, కనిపించిన దానికి కారణం మనమే చేర్చామా అన్న మూడు ప్రశ్నలూ అడగకుండా మాట్లాడేవాళ్ల తీర్పును నేను నమ్మను. ఆ ప్రశ్నలు అడిగాక కూడా ఇద్దరు మంచి మనుషులు విభేదించవచ్చు. అలా విభేదించే చోటు ఉందని ఒప్పుకుని, జ్యూరీలోని మామూలు మనుషుల ముందు ఆ వీడియోను పెట్టి ఉండాల్సింది.