అయిదు నిమిషాలకో చుక్క

సొంత సర్వర్‌ను డేటా సెంటర్‌లో అద్దె ర్యాకులో పెట్టేవాళ్లు ముందుగా అడిగేది పోర్టు ఎంతని. గిగాబిట్ అనగానే సంబరపడతారు. కానీ పోర్టు చెప్పేది ఒక సెకనులో మహా అయితే ఎంత పోగలదన్నదే. నిజంగా ఎంత పోతోందో చూడాలంటే గ్రాఫు కావాలి. ఆ గ్రాఫు గీయడంలో ఎమ్మార్టీజీ అనే ప్రోగ్రాముది నాకు ఎంతో నచ్చిన పనితనం.

టోబియస్ ఓటికర్ దీన్ని రాయడం మొదలుపెట్టింది 1994లో. ఆయన పనిచేసేచోట బయటి ప్రపంచానికి దారి ఒక్కటే, 64 కిలోబిట్ల లైను. అది ఎంత నిండిందా అని అందరికీ ఆరాటమే.

రౌటర్‌లో ప్రతి పోర్టుకూ ఎన్ని బైట్లు పారాయో చూపే ఒక లెక్క ఉంటుంది. కరెంటు మీటరులా అది పెరుగుతూనే పోతుంది. ఎమ్మార్టీజీ అయిదు నిమిషాలకోసారి దాన్ని చదివి, పాత అంకె తీసేసి, 300 సెకన్లతో భాగిస్తుంది. వచ్చేది ఆకుపచ్చ రంగు, పోయేది నీలి గీత. అంతే! అసలు నేర్పు దాని ఫైలులో ఉంది: ఏళ్లు గడిచినా అది ఉబ్బదు. పాత చుక్కలను అరగంట, రెండు గంటలు, రోజు సగటులుగా కుదిస్తూ పోతుంది.

ఇంకో ముచ్చట. 32 బిట్ల లెక్క సుమారు 429 కోట్ల బైట్లకు నిండి మళ్లీ సున్నాకొస్తుంది. వంద మెగాబిట్ల లైను నిండుగా పారితే అందుకు 343 సెకన్లు పడుతుంది, కాబట్టి అయిదు నిమిషాల విరామం ఇరుకుగానైనా సరిపోయింది. గిగాబిట్‌కు 34 సెకన్లే. అందుకే 64 బిట్ల లెక్క తప్పలేదు.

చాలాచోట్ల బిల్లు కూడా ఈ చుక్కల మీదే. 30 రోజుల నెలకు 8,640 చుక్కలు. వాటిలో పై అయిదు శాతం, అంటే 432, కొట్టేసి తర్వాతి అంకెకు డబ్బు కట్టించుకుంటారు. అంటే 36 గంటల రద్దీ ఉచితం, సగటున రోజుకు 72 నిమిషాలు. రోజూ రాత్రి గంటలోపు బ్యాకప్ ముగించేవాడు బతికిపోతాడు. అదే బ్యాకప్‌ను రెండు గంటలు సాగదీసేవాడు నెలంతా ఆ వేగంతోనే నడిచినట్టు చెల్లిస్తాడు. కఠినమే గానీ, దాపరికం లేని లెక్క.

అమ్మేవాళ్లు సంవత్సరం గ్రాఫు చూపిస్తే మురిసిపోకండి. అందులో ఒక్కో చుక్క ఒక రోజు సగటు. సాయంత్రపు ఇరుకు తెల్లవారుజాము ఖాళీలో కలిసిపోతుంది. వాళ్ల ప్రధాన లైనుకు రోజువారీ గ్రాఫు అడగండి. రాత్రి ఎనిమిది నుంచి పది దాకా గీత ఎగుడుదిగుడుగా ఉంటే మంచిదే. బల్లపరుపుగా సాగిందంటే లైను నిండిపోయిందన్నమాట. మీకిచ్చిన పోర్టు గిగాబిట్ అయినా ఆ వేళకు ఒరిగేదేమీ లేదు.