విమానాశ్రయపు సోదా: రక్షణయా, రక్షణాభాసమా?

విమానాశ్రయములలో జరుగు సోదాను గూర్చి రెండు విధములైన మాటలు వినవచ్చుచున్నవి. అది యెంత కఠినమైన నంత క్షేమమని కొందఱును, అంతయు వట్టి వేషమని మఱికొందఱును చెప్పుదురు. ఈ రెండును విచారణలేని మాటలే. 1973లో అమెరికాలో ప్రయాణికులందఱిని పరీక్షించుట మొదలైన పిమ్మట అచ్చట విమానాపహరణములు మిక్కిలి తగ్గినవి. కావున సోదా నిరర్థకమని మా వాదము కాదు. క్షేమముగా నుండుట వేఱు, క్షేమముగా నున్నామని తోచుట వేఱు. ఈ భేదమును మఱచుటయే దోషమని మా వాదము.

1985వ సంవత్సరము జూన్ 23వ తేదీన ఎయిరిండియా వారి కనిష్క విమానము ఐర్లండు తీరమునకు సమీపమున ఆకాశముననే ప్రేలిపోయి 329 మంది మృతులైరి. బాంబు గల పెట్టె కెనడాలోని వాంకూవరునుండి బయలుదేరినది. దాని సొంతదారు విమానమెక్కలేదు. పెట్టె మాత్రము టొరంటోలో కనిష్కలోనికి చేరినది. ఆనాడు టొరంటోలో ఎక్సురే యంత్రము చెడిపోగా, ప్రేలుడు పదార్థములను పసిగట్టునని చెప్పబడిన యొక చేతి పరికరముతో తక్కిన పెట్టెలను పరీక్షించిరి. అది పనికిమాలినదని ఆ యేడు జనవరిలోనే పరీక్షలో తేలియుండెను. సోదా జరిగినది, రక్షణ జరుగలేదు. ఎక్కనివాని పెట్టెను మోయరాదను చిన్న నియమమును పాటించియుండినచో ఆ ప్రాణములు దక్కియుండెడివి.

2001 డిసెంబరు 22వ తేదీన ఒకడు జోళ్లలో బాంబు దాచి అమెరికాకు బోవు విమానమెక్కి, అది ప్రేలకమునుపే సిబ్బందిచేతను తోడి ప్రయాణికులచేతను పట్టుబడెను. దొంగలుపడిన ఆఱునెలలకు కుక్కలు మొఱిగినట్లు, 2006లో అమెరికాలో సామాన్య ప్రయాణికులందఱును జోళ్లు విప్పవలెనను విధి యేర్పడి, 2025 జులై దాక నిలిచినది. ఈ నడుమ 2015లో బయటపడిన సంగతి వినుడు: ప్రభుత్వ పరీక్షకులు మాఱువేషమున నిషిద్ధవస్తువులు గొని 70 మారులు పోగా, 67 మారులు పట్టువడలేదు! జోళ్లు విప్పించిన కన్నులకు ఆయుధము కానరాలేదు.

ఆడంబరమును జూచియైనను దుర్మార్గుడు జంకునందురు. కొంత నిజమే. చేనిలోని దిష్టిబొమ్మ కొన్నాళ్లు పక్షులను బెదరించును. అది కదలదని యెఱిగిన కాకి దాని తలపైననే వ్రాలును. అంతకన్న పెద్ద కీడేమనగా, బొమ్మను నమ్మిన రైతు కావలి మానును.

2001 సెప్టెంబరు 11నాటి ఘోరము తరువాత విమానచోదకుని గది తలుపును దృఢపఱచిరి. ప్రయాణికునకు దానివలన బాధ లేదు. అది వాని కంటబడుటయు నరుదు. అయినను నిజమైన రక్షణలో దానికి పెద్దభాగము గలదు. వరుసలో గంటలకొలది నిలిచి, నడుము పట్టీ విప్పుకొని సిగ్గుపడు వృద్ధునకు మాత్రము రక్షణ కనబడినట్లుండును.

చదువరులారా, సోదా చేయువానితో తగవులాడుట మన ధర్మము కాదు, వాడు ఆజ్ఞాబద్ధుడు. ఆజ్ఞ యిచ్చువారిని మాత్రము రెండు ప్రశ్నలడుగుదము: ఈ నియమము ఏ కీడును ఆపుటకు పుట్టినది? ఆపుచున్నదని పరీక్షించి చూచితిరా? రెండవదానికి బదులు లేనిచో, ఆ నియమమును దిద్దుడని కోరుట మన ప్రాణములు మనము కాపాడుకొనుటయే కాని రాజ్యద్రోహము కానేరదు.