సాగే గుడ్డ మీద మరక

ఫ్యాక్టరీ యూనిఫాంల గ్రీజు మరకలతో చేయి తిరిగిన పటాన్‌చెరు, సంగారెడ్డి లాండ్రీల వారికి కూడా లైక్రా నాట్య దుస్తులు గట్టి పరీక్షే. 1958లో డ్యూపాంట్ రసాయనవేత్త జోసెఫ్ షివర్స్ రూపొందించిన ఈ సాగే పోగుకు ఎక్కువ వేడి, క్లోరిన్ బ్లీచ్ రెండూ పడవు. సాగే గుణం చచ్చిపోతుంది.

పని తెలిసినవారు ముందు లోపలి కుట్టు దగ్గర ఓ చుక్క వేసి రంగు దిగుతుందేమో చూస్తారు. ముఖానికి పూసిన ఫౌండేషన్‌లో సాధారణంగా నూనె ఉంటుంది. అందుకే గిన్నెలు తోమే ద్రవం కొద్దిగా అద్ది, గుడ్డ తిరగేసి వెనకవైపు నుంచి చల్లటి నీళ్లు పోస్తారు. నెత్తుటి మరకకు వేడినీళ్లు తగిలితే అందులోని ప్రొటీన్ గడ్డకట్టి పోగును పట్టేస్తుంది. తొందరపడి రుద్దకుండా అద్దుతూ కూర్చోవడంలోనే ఈ పనితనం గొప్పదనమంతా ఉంది. తర్వాత పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెడతారు.