చదువులో నిద్రా ఒక భాగమే

సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాయంటే హాస్టల్ గదుల్లో వినిపించే మాట ఒకటే: ‘ఈ రాత్రికి నైటౌట్ కొట్టేద్దాంరా!’ ఐదు యూనిట్లు, ఫ్లాస్కు నిండా టీ, తెల్లారేదాకా చదువు. పిల్లల పట్టుదల గొప్పదే. అది ఎలా వృథా అవుతోందో ఇన్విజిలేషన్‌కు వెళ్లినప్పుడల్లా చూస్తున్నాను. ఎర్రబడ్డ కళ్లతో కుర్రాడు ప్రశ్న నంబరు వేస్తాడు. సర్క్యూట్ బొమ్మ సగం గీస్తాడు. అక్కడితో పెన్ను ఆగిపోతుంది. ‘రాత్రే చదివాను సార్, ఏ పేజీలో ఉందో కూడా తెలుసు, సమీకరణమే గుర్తు రాలేదు’ అంటాడు బయటికొచ్చాక. అబద్ధమేమీ కాదు.

చదివింది మనసులో పాతుకోవాలంటే నిద్ర కావాలి. 1924లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇద్దరు విద్యార్థుల చేత అర్థంలేని మాటలు పదేసి చొప్పున కంఠతా పట్టించారు. ఎనిమిది గంటలు నిద్రపోయి లేచాక సగానికి పైగా అప్పజెప్పగలిగారు. అదే ఎనిమిది గంటలు మేలుకుని గడిపాక ఒక్కటి గుర్తుండటమే గగనమైంది.

టీ, కాఫీలు నిద్రకు బదులు కావు. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ పేరుకుంటుంది, నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ దాని పనికి అడ్డుపడుతుందే తప్ప అలసట తీర్చదు. తాగిన ఐదు గంటలకు కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. రాత్రి పదకొండుకు తాగితే, మూడింటికి పడుకుందామన్నా సరిగా పడుకోనివ్వదు.

తప్పంతా పిల్లలదే అనను. ఈ వయసులో రాత్రి ఆలస్యంగా నిద్ర పట్టడం శరీర ధర్మం, బద్ధకం కాదు. పైగా అసైన్‌మెంట్‌కు రాత్రి 11:59 గడువు పెట్టేది అధ్యాపకులమైన మేమే. దాన్ని సాయంత్రం ఆరుకు మారిస్తే పోయేదేమీ లేదు. మా వంతుగా ఆ పని చేయాలి.

విద్యార్థులారా, పద్దెనిమిది దాటిన మీకు రోజుకు ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర అవసరం. ఆదివారమైనా సరే, రోజూ ఒకే వేళకు లేవండి. మధ్యాహ్నం దాటాక కాఫీ మానండి. ఫోన్‌ను మంచానికి అందనంత దూరంలో ఛార్జింగ్‌కు పెట్టండి. పరీక్ష ముందురోజు రాత్రి ఒక యూనిట్ మిగిలిపోయినా పుస్తకం మూసి పడుకోండి. చదవని యూనిట్ వల్ల పోయేది దాని మార్కులే. నిద్ర మానితే మాత్రం చదివిన నాలుగు యూనిట్లకూ ఎసరు పెట్టుకున్నట్టే.