తోక కింది ఊత

విమాన సంస్థలో ఉత్తమ ఉద్యోగి అనగానే ముందు గుర్తొచ్చేది పైలటే. నా ఓటు మాత్రం నేల మీద ఆగిన విమానం దగ్గర పనిచేసే ర్యాంప్ సిబ్బందికి. ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. 2017 ఏప్రిల్ 27న ప్రాంతీయ విమానయాన పథకం ఉడాన్ కింద కడప–హైదరాబాద్ సర్వీసు మొదలుపెట్టిన ట్రూజెట్ సంస్థ వాడినవి ఏటీఆర్ 72 విమానాలు. దాదాపు డెబ్బై మంది పట్టే ఈ విమానంలో సామాను ముందు భాగంలోకి, ప్రయాణికులు వెనక తలుపులోంచి ఎక్కుతారు. బరువంతా వెనక్కి చేరితే ముక్కు లేచి తోక నేలకు తగలొచ్చు. అందుకే ర్యాంప్ సిబ్బంది చక్రాలకు దిమ్మలు పెట్టాక తోక కింద ఊతకర్ర నిలబెడతారు. కదిలేముందు మరవకుండా తీస్తారు.

ఇదంతా చెక్‌లిస్టులో ఉన్నదేగా, మెప్పెందుకని అడగొచ్చు. చెక్‌లిస్టు ఏం చెయ్యాలో చెబుతుంది. మే నెల ఎండలో, ఆలస్యంగా దిగిన నాలుగో విమానానికీ మొదటిదానికి పెట్టినంత శ్రద్ధే పెట్టడం మనిషి చేతిలో ఉంది. ఒకే విమానం ఊరూరూ తిరుగుతుంది కనుక పొద్దుటి జాప్యం సాయంత్రం దాకా వెంటాడుతుంది, తొందరపడుతూనే తడబడకూడదు. ప్రశంసాపత్రంతో కడుపు నిండదన్న మాటా నిజమే, జీతానికి మెప్పు బదులు కాదు. కానీ ఏ ప్రమాదమూ జరగకపోవడమే వీళ్ల పనితనం. పై అధికారి చూసి పేరుపెట్టి చెప్పకపోతే అది ఏ లెక్కలోకీ ఎక్కదు.