జీఐఎస్ పటాలు - వ్యాధి మూలాలు: హిమాయత్‌నగర్ పరిసరాల నేపథ్యంలో ఒక విమర్శ

ఆరోగ్యానికీ పర్యావరణానికీ గల సంబంధాన్ని పరిశీలించే పరిశోధనల్లో భౌగోళిక సమాచార వ్యవస్థ (జీఐఎస్) ప్రధాన సాధనమైంది. రోగుల వివరాలు, నాలాలు, తాగునీటి గొట్టాలు, జనసాంద్రత వంటి అంశాలను పొరలుగా ఒకే పటంపై అమర్చగలగడం దాని బలం. అయితే ప్రతి పొరా ఎవరో ఒక అవసరం కోసం సేకరించిన లెక్క. ఆ అవసరాన్ని గుర్తించని పటం పరిశోధకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది. హైదరాబాదులోని హిమాయత్‌నగర్ పరిసరాలు ఇందుకు నిదర్శనం.

సమీపంలోని నల్లకుంటలో సర్ రోనాల్డ్ రాస్ పేరిట ఉన్న జ్వరాల ఆసుపత్రిని ప్రజలు కోరంటి దవాఖాన అంటారు. 'క్వారంటైన్' అన్న మాటే జనం నోట 'కోరంటి' అయింది. నగరం నలుమూలల నుంచి రోగులు అక్కడికి వస్తారు. కేసులను ఆసుపత్రి ఉన్న చోటికే లెక్కగడితే పటంపై నల్లకుంట ఎప్పుడూ ఎర్రగానే కనిపిస్తుంది. అది వ్యాధి పుట్టిన చోటు కాదు, నమోదైన చోటు మాత్రమే.

ఇంటి చిరునామాను తీసుకున్నా చిక్కు పూర్తిగా తీరదు. డెంగీని వ్యాపింపజేసే ఎడిస్ దోమ పగటిపూట కుడుతుంది. హిమాయత్‌నగర్ దుకాణాల్లో, కార్యాలయాల్లో పనిచేసేవారిలో చాలామంది సాయంత్రానికి వేరే బస్తీలకు తిరిగి వెళతారు. దోమ కుట్టింది ఒక చోట, జ్వరం లెక్కకెక్కింది మరొక చోట కావచ్చు.

ఇక విభజన రేఖల సమస్య. హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా అనేక బస్తీలను దాటి మూసీలో కలుస్తుంది. మురుగునీటికి వార్డు సరిహద్దులు లేవు. 2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషితమైన తాగునీరు పలువురి ప్రాణాలు తీసింది. అటువంటి సందర్భంలో వార్డు సగటు కంటే ఏ గొట్టం ఏ వీధికి నీరందిస్తున్నదన్న సమాచారమే విలువైనది.

1854లో లండన్ కలరాను పరిశీలించిన జాన్ స్నో పటాన్ని జీఐఎస్ పాఠాలన్నీ స్మరిస్తాయి. కానీ బ్రాడ్ స్ట్రీట్‌కు దూరంగా హాంప్‌స్టెడ్‌లో మరణించిన ఒక వితంతువు ఆ వీధి పంపు నీటినే తెప్పించుకొని తాగేదని తెలిపింది పటం కాదు, విచారణ. ఆ విచారణను వదిలి పటాన్ని మాత్రమే స్వీకరించడం నేటి అధ్యయనాల్లో తరచుగా కనిపించే లోపం.

కాబట్టి జీఐఎస్ పటం ముగింపు కాదు, ప్రశ్నలకు ఆరంభం. రోగి ఎక్కడ పనిచేశాడు, ఏ నీరు తాగాడు అని క్షేత్రంలో అడిగి తెలుసుకున్నప్పుడే అది ఆధారమవుతుంది. లేనిపక్షంలో దోమల నివారణకైనా గొట్టాల మరమ్మతుకైనా కేటాయించే నిధులు తప్పు బస్తీకి చేరతాయి.