గుడి చెంపలేసుకునే మూడు రోజులు

ఇంట్లో పూజ అయ్యాక పెద్దవాళ్ళు హారతి కళ్ళకద్దుకుని చెంపలేసుకుంటారు. మంత్రంలో ఏ అక్షరం జారిందో, రుచి చూడకూడదు కనుక చక్రపొంగలిలో బెల్లం సరిపోయిందో లేదో, అన్నిటికీ కలిపి ఒకటే దణ్ణం. తిరుమల గుడీ ఏడాదికోసారి ఆ పనే చేస్తుంది. కాకపోతే దానికి మూడు రోజులు పడుతుంది. పేరు పవిత్రోత్సవం.

అక్కడ పూజంతా వైఖానస ఆగమం ప్రకారం. విఖనస మహర్షి, ఆయన శిష్యులు భృగువు, అత్రి, మరీచి, కశ్యపుడు చెప్పారని నమ్మే విధి అది. అర్చకుడికి సొంత పెత్తనం లేదు. ఏ వేళకు ఏ సేవో ఆగమం తేల్చేసింది, మిగిలింది ఆచారం చూసుకుంటుంది. కొండమీద పూలన్నీ స్వామివే కాబట్టి, జడలో మల్లెచెండుతో వచ్చిన పిల్ల దాన్ని తీసెయ్యాల్సిందే.

నియమాలు ఇన్నుంటే పొరపాట్లు రాకుండా ఉంటాయా? అర్చకుడి నోట మాట తడబడుతుంది, సిబ్బంది ఏదో మరిచిపోతారు. పురుడో మైలో ఉన్న ఇంటివాళ్ళు తెలిసో తెలియకో క్యూలో నిలబడతారు. తప్పు ఎవరిదని ఆగమం ఆరా తీయదు. అన్నీ ఒకే పద్దులో వేసి, ప్రాయశ్చిత్తం కూడా తనే రాసిపెట్టింది. మనిషి తప్పుతాడని ముందే ఊహించిన శాస్త్రం మీద గౌరవం పెరగడం సహజం.

శ్రావణ శుద్ధ ఏకాదశి నుంచి త్రయోదశి దాకా ఉత్సవం. ముందు రోజు అంకురార్పణ. పవిత్రమంటే పెద్ద ఆభరణమేమీ కాదు, దారాలు పేని ముడులు వేసి రంగులద్దిన దండ. మొదటి రోజు వాటిని యాగశాలలో ప్రతిష్ఠిస్తారు. రెండో రోజు సమర్పణ. వజ్రకిరీటం ఉన్న స్వామికి ఆ రోజు దారపు దండ! మూలవిరాట్టుతో, ఉత్సవమూర్తులతో ఆగరు. గరుత్మంతుడికి, విష్వక్సేనుడికి, యోగనరసింహుడికి, చివరికి గుడి ఎదుటనున్న బేడి ఆంజనేయుడికీ అందుతాయి. పుష్కరిణికి కూడా ఒకటి.

చిత్రమేమిటంటే, లోపాలు దిద్దే ఈ ఉత్సవమే ఒకప్పుడు లోపించింది. పదహారో శతాబ్దం వరకూ జరిగి ఆగిపోతే, దేవస్థానం 1962లో తిరిగి మొదలుపెట్టింది. మధ్యలో దాదాపు 400 ఏళ్ళు. ఆ బకాయి ఏ పద్దులో రాశారో!

మూడో రోజు పూర్ణాహుతితో ముగుస్తుంది. మర్నాడు తెల్లవారకముందే సన్నిధి గొల్ల అనే ఆలయ సేవకుడు దివిటీతో ముందు నడుస్తాడు, అర్చకులు వెనక. బంగారు వాకిలి తెరుచుకుంటుంది. బయట క్యూ కదులుతుంది, ఎవరో ఒక పిల్ల జడలోంచి మల్లెలు తీసి అమ్మ చేతికిస్తుంది.